కిటికీ పక్కన నాన్నమ్మ: బ్లాక్ అండ్ వైట్ పోర్ట్రెయిట్ ఎలా తీయాలి?

పెద్దవాళ్లకు ఫోటో తీస్తానంటే చాలు, నిటారుగా కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఊపిరి బిగబట్టేస్తారు. మా నాన్నమ్మా అంతే. పదుల కొద్దీ ఫోటోలు పాడైపోయాక గానీ ఆ బిగువంతా ఖాళీ చేతుల నుంచే వస్తోందని నాకు అర్థం కాలేదు.

1. ఒక వాక్యం అనుకోండి. కెమెరా తీయకముందే ఈ ఫోటో ఏం చెప్పాలో అనుకోండి. నేను అనుకున్నది: "తాతయ్య లేని మధ్యాహ్నం." వెలుతురు, చూపు, కూర్చునే తీరు అన్నీ దాన్నిబట్టే తేలతాయి.

2. కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. నేరుగా ఎండ పడని కిటికీ అయితే మంచిది. అక్కడికి మూడడుగుల దూరంలో, వెలుతురు పక్కనుంచి పడేలా కుర్చీ వేయండి. ట్యూబ్‌లైట్ ఆపేయండి, అది నీడల్ని చెరిపేస్తుంది. ముఖాన్ని మెల్లగా కిటికీ వైపు తిప్పిస్తూ ఉంటే, నీడలో ఉన్న చెంప మీద, కంటి కింద చిన్న వెలుతురు త్రికోణం కనిపిస్తుంది. అక్కడ ఆపండి. నీడ మరీ చిక్కగా ఉంటే అటువైపు కుర్చీ మీద తెల్ల పంచె ఆరేయండి, కొంచెం తేలికవుతుంది. దిగులు చెప్పే ఫోటో అయితే పంచె అక్కర్లేదు.

3. బట్టలు. ఎర్ర చీరకు ఆకుపచ్చ అంచు కంటికి ఎంత అందంగా ఉన్నా, రంగు తీసేస్తే రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోవచ్చు. లేత రంగు నేత చీర చాలు.

4. చేతులకు పని ఇవ్వండి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. వత్తులు చేయమనండి, పూలు కట్టమనండి, కళ్లజోడు తుడుచుకోమనండి. అలవాటైన పని చేతిలో పడగానే భుజాలు వాటంతట అవే దిగుతాయి. ఒళ్లు కెమెరాకు ఎదురుగా కాకుండా కాస్త పక్కకు ఉండాలి, నడుము కొంచెం ముందుకు వంగాలి. చెయ్యి చెంపకు ఆనిస్తే అరచేతి వెనక భాగం కాక, చేతి అంచు మనకు కనపడాలి, లేకపోతే చెయ్యి ముఖమంత పెద్దదిగా కనిపిస్తుంది.

చూపు కెమెరాలోకి ఉంటే మనతో మాట్లాడుతున్నట్టుంటుంది. కిటికీ బయటికి ఉంటే ఏదో గుర్తొచ్చినట్టుంటుంది. అప్పుడు చూసే వైపు ఫ్రేములో ఖాళీ వదలండి.

5. మాట్లాడించండి. "నవ్వు" అని మాత్రం అనకండి. నేను అడిగింది ఇది: "నాన్నమ్మా, నువ్వు కాపురానికి వచ్చినప్పుడు ఈ ఇల్లు ఎలా ఉండేది?" చెబుతున్నంతసేపూ ఆగాను. చెప్పడం అయ్యాక ఆవిడ ఒక్క క్షణం ఊరుకుంది. నొక్కాల్సింది అప్పుడే.

1941 డిసెంబర్ 30న కెనడాలోని ఒటావాలో ఫోటోగ్రాఫర్ యూసఫ్ కార్ష్, ఫోటో తీయబోతూ బ్రిటన్ ప్రధాని చర్చిల్ నోట్లోంచి చుట్ట లాగేశాడు. ఆ వెంటనే వచ్చిన కోపపు చూపే ఆ ప్రసిద్ధ ఫోటో. ఒక వస్తువు తీసేస్తే ముఖం అంత మారింది. మన పెద్దవాళ్ల దగ్గర తీసుకోవడం కన్నా చేతికి ఏదైనా ఇవ్వడమే నాకు ఇష్టం.

6. సెట్టింగులు. ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 2.8 నుంచి 4 వరకు, షట్టర్ వేగం సెకనులో 1/125 వంతు లేదా అంతకన్నా వేగంగా. చేతులు కదులుతుంటాయి కదా. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) పెరిగి గ్రెయిన్, అంటే సన్నటి చుక్కలు, వచ్చినా నలుపు తెలుపుల్లో అది పెద్ద లోపం కాదు. ఫోకస్ దగ్గరి కన్ను మీద. ఫోన్ అయితే ఐదడుగుల దూరం నుంచి 2ఎక్స్ జూమ్‌లో తీయండి, మరీ దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదవుతుంది. కెమెరాను మోనోక్రోమ్‌లో (నలుపు తెలుపు మోడ్) పెట్టి రా ఫైల్ (కెమెరా మార్పులు చేయకుండా దాచే అసలు ఫైల్) తీస్తే, తెర మీద నలుపు తెలుపు కనిపిస్తుంది, రంగుల సమాచారం ఫైల్‌లో ఉంటుంది.

7. ఎడిటింగ్. ఆ రంగులు ఇక్కడ పనికొస్తాయి. ఎడిటింగ్ యాప్‌లో నలుపు తెలుపుకి మార్చాక, ఒక్కో రంగు ఎంత వెలుగ్గా కనిపించాలో మార్చే స్లైడర్లలో ఎరుపుది తగ్గిస్తే కుంకుమ బొట్టు నల్లగా తేలుతుంది, పెదవులూ ముదురుతాయి, చూసుకోండి. ఆరెంజ్ పెంచితే చర్మం తెల్లబడి, మచ్చలు, గీతలు పలచబడతాయి. పెంచకండి. చామనఛాయను తెల్లగా చేస్తే అది ఆ మనిషి ఫోటో కాదు. నాన్నమ్మ నుదుటి గీతలు పలచన చేసి ఒకటి, అలాగే ఉంచి ఒకటి ప్రింట్ తీసి చూపించాను. గీతలున్నదాన్నే గోడకు పెట్టమంది.