ఎలక్ట్రిక్ కారుకు ఫాస్ట్ ఛార్జింగ్ మొదలుకాకపోతే, కారుకూ స్టేషన్‌కూ మధ్య మాట ఎక్కడ తెగిందో కనిపెట్టడం ఎలా?

ఇంటి దగ్గర ఛార్జింగ్ పెట్టినప్పుడు ఏసీ కరెంటును కారులోని ఆన్‌బోర్డ్ ఛార్జరే డీసీగా మార్చుకుంటుంది. ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఆ పని స్టేషన్ చేసి, డీసీని నేరుగా బ్యాటరీకి పంపుతుంది. అందువల్ల తనకు ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు కావాలో కారు ముందుగా స్టేషన్‌కు చెప్పుకోవాలి. ఆ సంభాషణ ఏ మెట్టు దగ్గర ఆగిందో గుర్తుపట్టగలిగితే, ఛార్జింగ్ మొదలుకానప్పుడు ఏం చేయాలో చాలావరకు తెలిసిపోతుంది. మన దేశంలో ఎలక్ట్రిక్ కార్లకు విరివిగా వాడే సీసీఎస్2 పద్ధతి ప్రకారమే ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా కారును ఆఫ్ చేసి, గన్‌ను (స్టేషన్ కేబుల్ చివర ఉండే ప్లగ్‌ను) వంకర లేకుండా చివరిదాకా నొక్కిపెట్టండి. గన్‌లో కింద ఉన్న రెండు లావు పిన్నులు డీసీ కరెంటువి. పైభాగంలో ఎర్త్‌తోపాటు రెండు సన్నని పిన్నులుంటాయి: ప్రాక్సిమిటీ పైలట్, కంట్రోల్ పైలట్. గన్ కుదురుగా కూర్చుందని మొదటిది కారుకు తెలియజేస్తుంది. అసలు సంభాషణ రెండోదానిమీద సాగుతుంది. గన్ పెట్టగానే ఆ తీగమీద 12 వోల్టులు 9కి దిగుతాయి. అప్పుడు స్టేషన్ సెకనుకు 1000 సార్లు కొట్టుకునే పల్స్‌ను పంపుతుంది. ఆ పల్స్ వెడల్పు ఒక్కో ఆవృత్తి సమయంలో 5 శాతం ఉంటే ‘ఇకపై డిజిటల్‌గా మాట్లాడుకుందాం’ అని అర్థం. ఆ సందేశాలు కూడా అదే తీగమీద ఎక్కువ పౌనఃపున్యంతో ప్రయాణిస్తాయి. బరువైన కేబుల్ గన్‌ను కిందికి లాగితే పైనున్న ఈ సన్నని పిన్ను సరిగా ఆనకపోవచ్చు. ఒకసారి హైవే మీద మూడు ప్రయత్నాలు విఫలమయ్యాక, గన్‌ను చేత్తో కాస్త పైకెత్తి పట్టుకుంటే నాలుగోసారి ఛార్జింగ్ మొదలైంది. అప్పటినుంచి నేను ముందు చేసే పని అదే.

పక్కపక్కనే నాలుగు గన్‌లు ఉన్నచోట ఒకదాని సంకేతం మరొక కారుకు లీలగా వినిపించే అవకాశం ఉంది. అందుకే కారు కొన్ని పరీక్షా సంకేతాలు పంపుతుంది. విన్న స్టేషన్లు అవి తమ దగ్గరికి ఎంత బలహీనపడి చేరాయో తిరిగి చెబుతాయి. ఎవరికి అన్నిటికన్నా బలంగా వినిపించిందో ఆ స్టేషన్‌నే కారు తనదిగా ఎంచుకుంటుంది. ఆ తర్వాత రెండూ ఈ సంభాషణకు భాషలాంటి డిన్ 70121, ఐఎస్ఓ 15118 ప్రమాణాలలో తమ ఇద్దరికీ తెలిసినదాన్ని ఖాయం చేసుకుంటాయి. స్క్రీన్ ‘కనెక్టింగ్’ దగ్గరే ఆగిపోతే చిక్కు ఈ దశలోనే ఉందని అనుమానించాలి. గన్ తీసి, కారు లాక్ చేసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. అప్పటికీ కుదరకపోతే వేరే గన్‌కు మారండి. యాప్‌లో డబ్బు కట్టడం కుదరకపోవడం మాత్రం వేరే సంగతి. అది స్టేషన్‌కూ కంపెనీ సర్వర్‌కూ మధ్య వ్యవహారం కాబట్టి గన్ ఎన్నిసార్లు తీసిపెట్టినా లాభం ఉండదు.

మాట కలిశాక స్టేషన్ కేబుల్ ఇన్సులేషన్‌ను పరీక్షిస్తుంది. ఆ పరీక్ష విఫలమైతే అదే గన్‌తో పదేపదే ప్రయత్నించకండి, ముఖ్యంగా వానలో. పరీక్ష నెగ్గితే స్టేషన్ తన వోల్టేజీని బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా తెస్తుంది. ఆ రెంటికీ పెద్దగా తేడా లేదని తేలాకే కారులోని కాంటాక్టర్లు (బ్యాటరీకి కరెంటు దారిని కలిపే, తెంపే పెద్ద స్విచ్‌లు) మూసుకుంటాయి. అప్పుడు వినిపించే ‘టక్’ శబ్దానికి కంగారు పడనక్కరలేదు.

ఇక్కడినుంచి పెత్తనం కారుదే. ఎంత కరెంటు కావాలో అది సెకనుకు చాలాసార్లు అడుగుతూ ఉంటుంది. స్టేషన్ తన పరిమితికి లోబడి అంతే ఇస్తుంది. 350 వోల్టుల దగ్గర కారు 120 ఆంపియర్లే అడిగితే అందేది 42 కిలోవాట్లు. స్టేషన్ మీద 120 కిలోవాట్లని రాసి ఉన్నా అంతే. బ్యాటరీ బాగా వేడెక్కినా, 80 శాతం దాటినా కారు అడగడం తగ్గిస్తుంది. అలాంటప్పుడు ఛార్జర్ మార్చి ప్రయోజనం లేదు.

ఆపాలనుకుంటే యాప్‌లోగానీ స్టేషన్ స్క్రీన్‌మీదగానీ స్టాప్ నొక్కండి. కరెంటు తగ్గి, కాంటాక్టర్లు తెరుచుకున్నాకే గన్ లాక్ వదులుతుంది. అంతవరకు బలంగా లాగకండి. ఎర్రని ఎమర్జెన్సీ బటన్ కరెంటును ఒక్కసారిగా తెంపేస్తుంది కాబట్టి, పొగో మంటో కనిపించినప్పుడు తప్ప దాని జోలికి వెళ్లకండి.