హౌస్‌బోటులో కార్బన్ మోనాక్సైడ్ బారిన పడకుండా ఉండటం ఎలా?

హౌస్‌బోటు అద్దెకు తీసుకునేటప్పుడు లైఫ్ జాకెట్ల గురించి అందరూ అడుగుతారు. పొగ ఎటు పోతుందో అడిగేవారు తక్కువ. 2000 ఆగస్టులో అమెరికాలోని లేక్ పావెల్‌లో ఎనిమిదేళ్లు, పదకొండేళ్లు ఉన్న అన్నదమ్ములు పడవ వెనుక, ఈతకు నీళ్లలోకి దిగడానికి ఉండే బల్ల కింది ఖాళీలోకి ఈదుకుంటూ వెళ్లి చనిపోయారు. జనరేటర్ పొగ అక్కడికే చేరుతోంది. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. ఆ పిల్లలకు ప్రమాదం తెలిసే దారే లేదు.

1. డబ్బు కట్టకముందే పడవ వెనక్కి వెళ్లి చూడండి. జనరేటర్ పొగ గొట్టం ఈత బల్ల కింద తెరుచుకుంటే ఆ పడవ వద్దు. గొట్టం నిలువుగా పైకప్పు దాటి వెళ్లే పడవను అడిగి తీసుకోండి.

2. పడుకునే ప్రతి గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి, అదీ పడవల కోసం తయారైనదే. బటన్ నొక్కి మోగించి చూడండి.

3. ఎవరైనా నీళ్లలో దిగేముందు ఇంజన్, జనరేటర్ రెండూ ఆపండి. లోపల ఏసీ ఆగిపోతుందని ఎవరు గొణిగినా సరే, ఆపాల్సిందే. పిల్లలు ఒడ్డెక్కేదాకా తాళంచెవి ఒక పెద్దవారి జేబులో ఉండాలి. ఆపిన తర్వాత కూడా బల్ల కింద వాయువు నిలిచి ఉంటుంది కాబట్టి అక్కడికి ఎప్పుడూ వెళ్లనివ్వకండి.

4. పడవ కదులుతుండగా వెనుక బల్ల మీద కూర్చోవడం, దాన్ని పట్టుకుని వేలాడటం వద్దు. ఈ వేలాడే సరదాను కాలిఫోర్నియా 2004లో చట్టం చేసి మరీ నిషేధించింది. ముందు కిటికీలు మూసి వెనుక తలుపు తెరిస్తే పొగ గదిలోకి తిరిగొస్తుంది. గాలి ముందు నుంచి వెనక్కి పారేలా చూసుకోండి. పక్క పడవ ఇంజన్ నడుస్తుంటే కనీసం 20 అడుగుల దూరం పాటించండి.

5. తలనొప్పి, వికారం, తల తిరగడం, నిస్సత్తువ. ఇవి కనిపిస్తే పడవ ప్రయాణం పడలేదనో, ఎండ దెబ్బ అనో అనుకుంటాం. "కాసేపు లోపల పడుకో" అని పంపేస్తాం. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఆ మాటే, ఎందుకంటే పొగ ఉన్న గదిలోకే మనిషిని పంపుతున్నాం. ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి వస్తే అసలు ఆలోచించవద్దు. అందరినీ వెంటనే పొగ తగలని ఆరుబయటికి తీసుకురండి, ఇంజన్, జనరేటర్ ఆపించండి, అమెరికాలో అయితే అత్యవసర నంబరు 911కు ఫోను చేయండి.

కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్‌ను వేలికి తగిలించి, అంకె బాగుందని ఊరుకోకండి. ఈ వాయువు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. మామూలు ఆక్సీమీటర్ ఈ రెండింటి తేడా గుర్తించలేక 98 అని చూపించవచ్చు. మామూలు గాలిలో రక్తంలోని వాయువు సగానికి తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది. అందుకే ఆసుపత్రికి వెళ్లాలి, వెళ్లగానే "జనరేటర్ నడుస్తున్న పడవలో ఉన్నాం" అని మొదట చెప్పాలి.