ఈ ఏటి నా గేమ్ - మూడో పాఠం: గంటల లెక్క పక్కన పెట్టడం

ఈ ఏడాది ఆడినవాటిలో మీకు అన్నిటికన్నా నచ్చిన గేమ్ ఏదో తేల్చడానికి, కిందటి పాఠంలో మీ జాబితాను ఐదు గేమ్‌లకు కుదించమన్నాను. అక్కడిదాకా ఎవరైనా వచ్చేస్తారు. ఐదింట్లో ఒక్కటి తేల్చమంటేనే మొదలవుతుంది టెన్షన్. అప్పుడు దాదాపు అందరూ చేసేది ఒకటే: స్టీమ్ (కంప్యూటర్ గేమ్‌లు కొని ఆడే యాప్) లైబ్రరీ తెరిచి, ఎక్కువ గంటలు దేని మీద పడ్డాయో చూసి, అదే నా గేమ్ అనేయడం. ఈ పాఠం ఆ అలవాటు మాన్పించడానికే.

ఉదాహరణకు 2024 తీసుకుందాం. ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ద ఇయర్‌కు పోటీపడిన ఆరింట్లో ఆస్ట్రో బాట్, బలాత్రో రెండూ ఉన్నాయి. గెలిచింది ఆస్ట్రో బాట్. (అక్కడ జ్యూరీ ఓటుకు 90 శాతం, జనం ఓటుకు 10 శాతం విలువ. మీ జాబితాలో నూటికి నూరూ మీదే, కాబట్టి ఆ ఫలితాన్ని పట్టించుకోనక్కర్లేదు.)

బలాత్రో ఒకే ఒక్క డెవలపర్ చేసిన పేకముక్కల గేమ్. పోకర్‌లో లాగే జతలు, ఫ్లష్‌లు వేస్తాం. వచ్చిన చిప్స్‌ను (పాయింట్లను) మల్ట్‌తో, అంటే గుణకంతో, గుణిస్తే స్కోరు. ప్రతి రౌండ్‌లో దాటాల్సిన స్కోరు లక్ష్యమే బ్లైండ్. మొదటి బ్లైండ్ దాటడానికి 300 చిప్స్ చాలు. అలా 8 యాంటీలు (అంచెలు), ఒక్కోదాంట్లో మూడు బ్లైండ్‌లు. ఆటకు రకరకాలుగా సాయం చేసే ప్రత్యేక ముక్కలు జోకర్లు. ఉన్నవి 150, మామూలుగా ఒకేసారి చేతిలో పెట్టుకోగలిగేవి ఐదే. ఓడిపోతే క్షణాల్లో కొత్త ఆట, మళ్లీ వేరే జోకర్లు. గెలిచినా ఆపాలనిపించదు. దాన్ని కట్టిన తీరే అంత.

ఆస్ట్రో బాట్ దీనికి పూర్తిగా ఎదురు. ఆస్ట్రో అనే చిన్న రోబోను గెంతిస్తూ ఆడే గేమ్ ఇది. టోక్యోలోని టీమ్ అసోబీ చేసిన ఈ గేమ్‌లో 80కి పైగా లెవెల్స్ ఉన్నాయి. ఒక సరదా ఆలోచన వస్తుంది, ఒకటి రెండు లెవెల్స్‌లో దాన్ని పిండుకుని వదిలేస్తారు. మీకు విసుగొచ్చేలోపే ఇంకోటి సిద్ధం. పది పన్నెండు గంటల్లో కథ అయిపోతుంది.

ఇప్పుడు ఈ రెంటినీ గంటలతో పోల్చి చూడండి. బలాత్రో గెలవడం ఖాయం. కానీ గెలిచింది మీ ఇష్టం కాదు, గేమ్ నిర్మాణం. పైగా ఆ లెక్కలో మీరు పాజ్ చేసి భోజనానికి వెళ్లిన సమయం కూడా కలుస్తుంది. ఫోన్‌లో ఆడింది మాత్రం స్టీమ్‌కు తెలియనే తెలియదు. నిద్ర పట్టక అలవాటుగా తిప్పిన ఆట, ఊపిరి బిగబట్టి ఆడిన ఆట, దాని దృష్టిలో రెండూ ఒకటే.

సరే, గంటలు కాకపోతే ఏంటి? ఒక కాగితం తీసుకోండి. గేమ్ తెరవొద్దు, స్క్రీన్‌షాట్‌లు చూడొద్దు. ఐదు గేమ్‌లకూ తలా మూడు సందర్భాలు రాయండి. పదిహేను నిమిషాలకు మించి కూర్చోవద్దు. 'గ్రాఫిక్స్ అదిరాయి', 'మ్యూజిక్ సూపర్' లాంటివి సందర్భాలు కావు, కొట్టేయండి. 'ఆస్ట్రో ఎలుకంత చిన్నగా అయిపోగానే, అప్పటిదాకా కంటికి ఆనని సందు దారిగా మారింది' అంటే అది సందర్భం. 'బ్లూప్రింట్ జోకర్ తన కుడి పక్కనున్న జోకర్‌ను కాపీ కొడుతుందని తెలిసి, వరస మార్చగానే స్కోరుకు మంటలు అంటుకున్నాయి' అంటే అదీ సందర్భమే. అలా పట్టి పట్టి చూపించగలిగేవే కావాలి.

రాసేటప్పుడు ఏదో ఒక గేమ్ దగ్గర పెన్ను ఆగుతుంది. ఎక్కువగా అది అందరూ మెచ్చుకున్న పెద్ద గేమ్ అవుతుంది. దానిమీద మీకున్నది గౌరవం. ఉండొచ్చు, తప్పేం లేదు. కానీ మీ గేమ్ అది కాదు. మొహమాటపడకుండా జాబితాలోంచి తీసేయండి.

ఇప్పుడు అసలు మెలిక. ప్రతి సందర్భం పక్కనా మొదట్లో, మధ్యలో, చివర్లో అని గుర్తు పెట్టండి. మూడూ మొదటి రోజువే అయితే మీకు నచ్చింది కొత్తదనం కావచ్చు. మెటాఫర్: రీఫాంటాజియో లాంటి పొడవాటి ఆర్‌పీజీలకు (ఒక పాత్రలా మారి కథ నడిపే గేమ్‌లకు) ఈ గుర్తులు మరీ ముఖ్యం, అంత ఆటలో చివరి సగం ఒక్కటీ గుర్తుకు రాలేదంటే ఆలోచించాల్సిందే. బలాత్రోకు ఇదే పరీక్ష మేలు చేస్తుంది. నిన్నటిదాకా పనికిరాదని అమ్మేసిన జోకర్ ఇవాళ బంగారంలా కనిపించిన సందర్భం మీ కాగితం మీద ఉంటే, ఆ గంటలు ఊరికే పోలేదు. అప్పుడు బలాత్రోనే పెట్టుకోండి, నేనేమీ అడ్డు చెప్పను. నా కాగితం మాత్రం ఆస్ట్రో బాట్ అంది. బలాత్రో ఇప్పటికీ ఫోన్‌లో ఉంది, రోజూ ఆడతాను. అది వేరే సంగతి.

అభ్యాసం: మీ ఐదింటికీ కాగితం రాసి, రెండే మిగిలేదాకా కొట్టేయండి. కొట్టేసిన ప్రతిదాని పక్కనా ఎందుకో ఒక్క ముక్క రాయండి. 'మూడోది గుర్తు రాలేదు' అన్నా చాలు. ఆ రెండింట్లోంచి ఒకటి ఎలా తీయాలో నాలుగో పాఠంలో చూద్దాం. ఆ కాగితం పారేయకండి, అక్కడ పనికొస్తుంది.