తుపాన్ల నెల రాకముందే బూట్ ఫ్లాపీలు రాసి పెట్టుకోండి

సీడీ నుంచి గానీ పెన్‌డ్రైవ్ నుంచి గానీ బూట్ అవ్వని (అంటే స్టార్ట్ అవ్వని) పాత పీసీ ఇంకా వాడుతున్న మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకే ఇది. అలాంటి దాంట్లో ఓఎస్ (విండోస్, లినక్స్ లాంటిది) మళ్ళీ వేసుకోవాలంటే పీసీని స్టార్ట్ చేసే బూట్ ఫ్లాపీలు కావాలి, ఆ పనేదో అక్టోబర్ లోపే కానిచ్చేయండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబర్‌లోనే వచ్చాయి, కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలీదు, పైగా ఈ తేమకి ఫ్లాపీల్లో బూజు పట్టేస్తాది.

అందుకే ముందు ఫ్లాపీ షట్టర్ (పైనున్న జారే రేకు మూత) పక్కకి జరిపి, వెనకున్న ఇనప చక్రం వేలితో మెల్లగా తిప్పుతూ లైటు కింద చూడండి. తెల్ల మచ్చలు కనబడితే ఆ డిస్కు డ్రైవ్‌లో పెట్టనే పెట్టొద్దు, ఆ బూజు డ్రైవ్‌లో డిస్కుని చదివి రాసే హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టిన మంచి డిస్కుల్ని కూడా గీకేస్తాది.

1.44 ఎంబీ ఫ్లాపీకి పట్టేది సరిగ్గా 14,74,560 బైట్లు, ఇమేజ్ ఫైల్ (ఫ్లాపీ మొత్తానికి ఒకే ఫైల్‌గా చేసిన నకలు) అంతకంటే ఒక్క బైటు ఎక్కువున్నా పట్టదు. ఆ ఇమేజ్‌ని మామూలు ఫైల్‌లా కాపీ చేస్తే బూట్ అవ్వదు, మొదటి సెక్టార్ (డిస్కు మీద ఒక చిన్న గడి) నుంచి ఉన్నదున్నట్టు రాయాలి, దానికి వాడే ప్రోగ్రామ్ డాస్‌లో అయితే రారైట్ (rawrite), లినక్స్‌లో అయితే డీడీ (dd). ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, ఎందుకంటే ఫార్మాట్ చేసి ఫైళ్ళు కాపీ చేసుకుంటే సిస్టమ్ బ్యాడ్ సెక్టార్లని (పాడైన గడుల్ని) తప్పించి రాస్తాది గానీ ఇమేజ్‌కి ఆ వీలు లేదు, ఉన్న 2,880 సెక్టార్లూ బాగుండాల్సిందే. ముందు ఫుల్ ఫార్మాట్ చేసి ఒక్క బ్యాడ్ సెక్టార్ చూపించినా ఆ డిస్కు పక్కన పడేయండి, మొహమాటం వద్దు.

రాశాక వెనక్కి చదివి ఇమేజ్‌తో పోల్చి చూడండి, సరిపోతే ఫ్లాపీ మూలనున్న చిన్న కిటికీ తెరిచి రైట్ ప్రొటెక్ట్ (మళ్ళీ రాయకుండా అడ్డు) పెట్టేయండి. విండోస్ ఎక్స్‌పీకి 6 ఫ్లాపీలు కావాలి, అవి సెటప్‌ని మొదలెడతాయంతే, మిగతాదంతా సీడీలోంచే రావాలి, కాబట్టి సీడీ డ్రైవ్ చదువుతుందో లేదో కూడా చూసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఓఎస్ ఏ మెషిన్‌లో వేస్తారో ఆ మెషిన్‌లోనే ఫ్లాపీల సెట్ మొత్తం ఒకసారి చదివించండి. హెడ్ కాస్త పక్కకి జరిగిన డ్రైవ్‌లో రాస్తే అది అక్కడ బాగానే చదువుతాది, ఇంకో డ్రైవ్‌లో చదవదు. అప్పటిదాకా హార్డ్ డిస్కు ముట్టుకోవద్దు, ఫొటోలు, లెక్కలు వేరేచోట దాచాకే పార్టిషన్ (హార్డ్ డిస్కుని భాగాలు చేయడం) జోలికెళ్ళండి. ఇన్‌స్టాల్ మాత్రం యూపీఎస్ బ్యాటరీ బాగున్న రోజే, పొద్దున్నే మొదలెట్టండి.