కడుపుతో ఉన్నారు, తోడెవరూ లేరు, పైన అప్పులు: ఎక్కడ మొదలుపెట్టాలి?

భర్త వదిలేసి పోయినా, చనిపోయినా, అసలు పెళ్లే కాకపోయినా అప్పులవాళ్లకి అదంతా అనవసరం, వాళ్ల వాయిదా వాళ్లకి రావాలి. తిరుపతి, చిత్తూరు వైపు మన ఆడవాళ్ల అప్పులు దాదాపు ఒకేలా ఉంటాయి. కుదువలో ఉన్న బంగారం, వారం వారం కట్టే గ్రూప్ లోను, డ్వాక్రా, తెలిసినవాళ్ల దగ్గర నూటికి మూడో నాలుగో లెక్కన తెచ్చిన వడ్డీ డబ్బు, ఈమధ్య ఫోన్‌లో లోన్ యాప్. ఎవరు గట్టిగా అరిస్తే ముందు వాళ్లకి కట్టేయడం మనకి అలవాటు. ఈ తొమ్మిది నెలలు మాత్రం ఆ అలవాటు పక్కన పెట్టాలి.

1. అన్నీ ఒక కాగితం మీదికి తెండి

ఎవరికి, ఎంత అసలు, ఎంత వడ్డీ, ఏం రాసిచ్చారు (ప్రామిసరీ నోటా, ఖాళీ చెక్కా, ఉత్త మాటేనా) అన్నీ రాయండి. వడ్డీని నెల లెక్కలో కాకుండా ఏడాది లెక్కలో చూడండి. నూటికి నాలుగు అంటే వినడానికి చిన్నగా ఉంటుంది కానీ ఏడాదికి 48 శాతం. ముప్పై వేలకి నెలకి 1,200 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. అదే ముప్పై వేలు బ్యాంకులో బంగారం మీద ఏడాదికి పది శాతానికి తీసుకుంటే నెలకి 250. కాబట్టి చేతిలో ఇంకా కమ్మలో గాజులో మిగిలుంటే, వాటిని బ్యాంకులో పెట్టి ఆ నాలుగు రూపాయల వడ్డీ అప్పు తీర్చేయండి. ప్రైవేటు ఆస్పత్రి బిల్లు కోసం మాత్రం కుదువ పెట్టొద్దు, ఎందుకో కింద చెప్తాను.

2. కాన్పు కోసం కొత్త అప్పు చేయొద్దు

సర్కారు ఆస్పత్రిలో కాన్పు, ఆపరేషన్ అయినా సరే, ఉచితం. మందులు, పరీక్షలు, రక్తం, ఉన్నన్ని రోజుల తిండి, ఇంటికి దింపే బండి కూడా అందులోనే వస్తాయని 2011లో మొదలైన జననీ శిశు సురక్ష పథకం చెబుతుంది. తిరుపతిలో రుయా పక్కనే ప్రసూతి ఆస్పత్రి ఉంది, చిత్తూరు వాళ్లకి జిల్లా ఆస్పత్రి. రద్దీ ఉంటుంది, నర్సమ్మలు విసుక్కోవచ్చు, అది నిజమే. కానీ ప్రైవేటులో సిజేరియన్ చేయించుకుని ఆ అప్పుకి ఏళ్ల తరబడి వడ్డీ కట్టడం కంటే ఆ విసుగు భరించడమే మేలని నా అభిప్రాయం.

ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆస్పత్రుల్లో గర్భిణులకి డాక్టర్ చెకప్ ఉచితంగా ఉంటుంది. నొప్పులొస్తే 108. చెకప్‌లకి తిరగడానికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి టికెట్ లేదు కాబట్టి ఆటోకి పెట్టే డబ్బు మిగులుతుంది.

3. మీకు రావాల్సింది అడిగి తీసుకోండి

మొదట అంగన్‌వాడీలో పేరు రాయించండి. పాలు, గుడ్లు అక్కడే వస్తాయి, సిగ్గుపడాల్సిన పని లేదు. ప్రధానమంత్రి మాతృ వందన పథకం కింద మొదటి కాన్పుకి 5,000 రూపాయలు వస్తాయి. గర్భం నమోదై ఒక చెకప్ అయ్యాక 3,000, బిడ్డ పుట్టి జనన నమోదూ తొలి టీకాలూ అయ్యాక 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఒకేసారి. "మీ ఆయన ఆధార్ తెచ్చావా?" అని ఎవరైనా అడిగితే, 2022 నుంచి అమల్లో ఉన్న నిబంధనల్లో అది తప్పనిసరి కాదని గట్టిగా చెప్పండి. ఒంటరి తల్లుల కోసమే ఆ మార్పు చేశారు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఈ డబ్బు మీ ఆధార్‌కి లింకైన ఖాతాలో పడుతుంది. ఈఎంఐ ఆటోమేటిక్‌గా కట్ అయ్యే ఖాతా కూడా అదే అయితే, పడ్డ రోజే మాయమైపోతుంది. పోస్టాఫీసులో ఇంకో ఖాతా తెరిచి, ఆధార్‌ని దానికి మార్పించుకోండి.

భర్త చనిపోయి ఉంటే సచివాలయంలో వితంతు పింఛనుకి దరఖాస్తు ఇవ్వండి, నెలకి 4,000. వదిలేసిన ఆడవాళ్లకీ ఒంటరి మహిళల పింఛను ఉంది కానీ దానికి వయసు నిబంధన ఉంది, అక్కడే అడిగి తెలుసుకోండి.

4. పని చేస్తుంటే మానేయకండి

శ్రీసిటీ ఫ్యాక్టరీ అయినా, తిరుపతి బట్టల షాపు అయినా, పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట గర్భం వచ్చిందని తీసేయడం చట్టవిరుద్ధం. అంతకుముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే మొదటి రెండు కాన్పులకి 26 వారాలు జీతంతో సెలవు. పే స్లిప్‌లో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కటింగ్ ఉంటే ఆ డబ్బు ఈఎస్ఐ నుంచే వస్తుంది. "నువ్వే రాజీనామా రాసిచ్చెయ్ అమ్మా" అని మెత్తగా అంటారు. రాసిస్తే ఇవన్నీ పోగొట్టుకున్నట్టే, సంతకం పెట్టొద్దు.

5. ఇప్పుడు అప్పులవాళ్ల దగ్గరికి

దాక్కోవద్దు, ఫోన్ ఆఫ్ చేయొద్దు. మీరే ముందు వెళ్లి, కాన్పు తేదీ చెప్పి, అప్పటిదాకా ఇంతే కట్టగలను అని అడగండి. గ్రూప్ లోను వాళ్లని వాయిదాలు తగ్గించమని కాగితం మీద అడిగి, దాని కాపీ మీ దగ్గర పెట్టుకోండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం మైక్రోఫైనాన్స్ వాళ్లు, అంటే ఈ గ్రూప్ లోన్లు ఇచ్చే కంపెనీలు, ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకి ఫోన్ చేయకూడదు, బూతులు తిట్టకూడదు. కంపెనీకి ఫిర్యాదు చేసినా 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారికి) రాయొచ్చు, సమాచారానికి 14448. లోన్ యాప్ వాడు ఫొటోలు మార్ఫింగ్ చేస్తానని బెదిరిస్తే వాడికి ఇంకో రూపాయి కట్టకుండా సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి.

ప్రైవేటు వడ్డీ వాళ్లకి ఎంత కట్టినా, వంద రూపాయలైనా, నోటు వెనక చెల్లు రాయించుకోండి: తేదీ, మొత్తం, వాళ్ల సంతకం. ఫోన్‌లో ఫొటో తీసుకోండి. చెల్లు వేయకపోతే మీరు కట్టింది కోర్టులో నిరూపించడం చాలా కష్టం. ఇక "జైల్లో వేయిస్తా" అనే బెదిరింపు సంగతి. అప్పు కట్టలేకపోవడం ఒక్కటే జైలుకి పంపే నేరం కాదు. కానీ ఖాళీ చెక్కు ఇచ్చి ఉండి అది బౌన్స్ అయితే క్రిమినల్ కేసు అవుతుంది, లాయర్ నోటీసు వస్తే పక్కన పడేయకుండా వెంటనే 15100కి ఫోన్ చేయండి. అది న్యాయ సేవాధికార సంస్థ నంబరు. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. ఇంట్లోనో బయటో ఎవరైనా కొడుతుంటే, వెళ్లగొడుతుంటే మహిళల హెల్ప్‌లైన్ 181.

6. బిడ్డ తండ్రి బాధ్యత

పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకైనా తండ్రి మనోవర్తి ఇవ్వాల్సిందే, చట్టం అలాగే ఉంది. అడగాలా వద్దా అన్నది మీ ఇష్టం, అడగాలనుకుంటే పైన చెప్పిన ఉచిత లాయరే కేసు వేస్తారు. వద్దనుకుంటే తండ్రి పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతం చేయకూడదు. ఒంటరి తల్లి అఫిడవిట్ ఇస్తే జనన ధ్రువపత్రం ఇవ్వాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఫీజు ఉండదు. ఆ నమోదు ఆలస్యమైతే మాతృ వందన రెండో విడత 2,000 కూడా ఆగిపోతుంది, అందుకే ఆస్పత్రి నుంచి వచ్చేలోపే ఆ పని అడిగి చేయించుకోండి.