ఇంటి వర్క్‌షాప్‌కి త్రీ ఫేజ్ కనెక్షన్: దరఖాస్తు ఎలా పెట్టాలి

సెకండ్ హ్యాండ్‌లో మంచి లేత్ దొరికిందని సంబరంగా ఇంటికి తెచ్చుకున్నాక, మోటారు మీద జిడ్డు తుడిచి ప్లేటు చూస్తే 400 వోల్టులు, త్రీ ఫేజ్ అని ఉంటుంది. ఇంట్లో ఉన్నదేమో సింగిల్ ఫేజ్. నేనూ అలాగే ఇరుక్కుని, త్రీ ఫేజ్‌కి అప్లికేషన్ పెట్టి, అది ఒకసారి వెనక్కొచ్చి, మళ్లీ పెట్టి తెచ్చుకున్నాను. ఫారం నింపడం పది నిమిషాల పని. అందులో ‘లోడ్’ అనే ఒక్క గడి కోసం మాత్రం ముందే ఒక పూట కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోవాలి, ఎందుకంటే ఎస్టిమేటు, మీటరు, కేబుల్, నెలనెలా బిల్లు అన్నీ ఆ అంకె వెనకే నడుస్తాయి.

అసలు కనెక్షన్ అవసరమా అన్నది ముందు తేల్చుకోండి. ఉన్నది ఒకే మిషను, మోటారు 3 హెచ్‌పీ లోపు అయితే ఒక వీఎఫ్‌డీ (వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్) కొనుక్కుంటే చాలావరకు పని అయిపోతుంది. అది 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకుని 230 వోల్టుల త్రీ ఫేజ్ ఇస్తుంది, పైగా స్పీడు మార్చుకునే సౌకర్యం అదనం. మెలిక ఏమిటంటే మోటారు ప్లేటు మీద 230/400 అని రెండూ ఉండాలి, అప్పుడు టెర్మినల్ బాక్సులో పట్టీలు స్టార్ నుంచి డెల్టాకి (మూడు వైండింగులని కలిపే రెండు పద్ధతులివి) మారిస్తే సరిపోతుంది. ఉత్త 400 అని ఉండి, బయటికి మూడే వైర్లు వస్తుంటే స్టార్ ముడి వైండింగ్ లోపలే ఉన్నట్టు, దాన్ని విప్పి ఆరు వైర్లు బయటికి తీయడం చెయ్యి తిరిగిన వైండర్ పని. సింగిల్ ఫేజ్ మీదే త్రీ ఫేజ్ మోటారుని స్టార్ట్ చేయించే స్టాటిక్ కన్వర్టర్ అని చవగ్గా దొరికేది కూడా ఉంది గానీ, దాంతో మోటారు స్టార్ట్ అయ్యాక సుమారు మూడింట రెండు వంతుల బలమే ఇస్తుంది. లేత్ మీద లోతుగా కోత పెట్టేవాళ్లకి అది చిరాకు తెప్పిస్తుంది. రెండు మూడు మిషన్లున్నా, పెద్ద మోటారున్నా ఈ కుస్తీలన్నీ వదిలేసి దరఖాస్తు పెట్టడమే మేలు.

కరెంటు ఆఫీసుకి వెళ్లే ముందు ఒకసారి బయటికొచ్చి మీ ఇంటి ముందు స్తంభం చూడండి. ఓవర్‌హెడ్ లైనులో రెండే తీగలుంటే అక్కడిదాకా వచ్చింది సింగిల్ ఫేజే, అంటే లైను పొడిగించాలి, ఖర్చూ ఎక్కువ, ఆలస్యమూ ఎక్కువ. నాలుగో ఐదో తీగలుంటే మూడు ఫేజులూ ఉన్నట్టే అనుకోవచ్చు. భూమిలో కేబుల్ ఉన్న చోట కంటికి కనిపించదు కాబట్టి ఆఫీసులోనే అడగాలి. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఖాళీ ఉందా లేదా అన్నది ఎలాగూ వాళ్లే వచ్చి చూసుకుంటారు.

ఇక లోడ్ లెక్క. 3 హెచ్‌పీ లేత్, 2 హెచ్‌పీ మిల్లింగ్, 1 హెచ్‌పీ డ్రిల్లింగ్, అర హెచ్‌పీ గ్రైండర్ ఉన్నాయనుకోండి, మొత్తం 6.5 హెచ్‌పీ. హెచ్‌పీకి 746 వాట్లు, అంటే 4.85 కిలోవాట్లు. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఈ అంకె రాసేస్తారు. ప్లేటు మీద ఉండేది షాఫ్టు దగ్గర వచ్చే బలం, కరెంటు దగ్గర తీసుకునేది అంతకంటే ఎక్కువ. చిన్న మోటార్లకి 80 శాతం ఎఫిషియెన్సీ వేసుకుంటే దాదాపు 6 కిలోవాట్లు అవుతుంది. ఇంటి లోడ్ కూడా అదే కనెక్షన్ మీద నడవాలంటే దాన్నీ కలపాలి. తర్వాత ఫారంలో ఆ గడి పైన ఏం రాసి ఉందో రెండుసార్లు చదవండి: బిగించి ఉన్న సామాను మొత్తం లోడ్ అడుగుతున్నారా, ఒకేసారి వాడే గరిష్ఠ లోడ్ అడుగుతున్నారా? ఉన్నది ఒక్క మనిషి, రెండు చేతులు, లేతూ మిల్లింగూ ఒకేసారి నడపలేం కదా, కాబట్టి రెండో రకమైతే అంకె బాగా తగ్గుతుంది. ఎందుకైనా మంచిదని ఎక్కువ రాస్తే ఫిక్స్‌డ్ చార్జీలు నెలనెలా కడుతూనే ఉండాలి. తక్కువ రాస్తే మీటరు పట్టేస్తుంది.

స్టార్టింగ్ కరెంటు సంగతి కూడా అడుగుతారు. 400 వోల్టుల దగ్గర 3 హెచ్‌పీ మోటారు ఫుల్ లోడ్‌లో సుమారు 5 ఆంపియర్లు తీసుకుంటుంది గానీ, డైరెక్టుగా స్టార్ట్ చేసిన క్షణంలో ఆరేడు రెట్లు లాగుతుంది, పక్కింట్లో లైట్లు మినుక్కుమనేది అప్పుడే. ఇంత చిన్న మోటారుకి నేరుగా లైనుకి కలిపే మామూలు డీఓఎల్ స్టార్టర్ చాలు. పెద్దదైతే ఆ లాగుడు తగ్గించే స్టార్ డెల్టా స్టార్టరో సాఫ్ట్ స్టార్టరో పెడతామని అప్లికేషన్‌లోనే రాసేయండి, మళ్లీ తిప్పించుకునే ప్రశ్న ఒకటి తగ్గుతుంది.

కేటగిరీ దగ్గర తెలివితేటలు చూపించొద్దు. సొంత సరదాకి వాడుకునే షెడ్డు, నాలుగు డబ్బులకి జాబ్ వర్క్ చేసే షెడ్డు ఒకటి కావు. గృహ వినియోగం అని రాసి బయట ఆర్డర్లు చేస్తూ దొరికిపోతే వెనకటి బిల్లులు కూడా మార్చి వేస్తారు. పాత సింగిల్ ఫేజ్ సర్వీసునే త్రీ ఫేజ్‌కి మార్చమని అడుగుతున్నారా, షెడ్డుకి విడిగా కొత్త సర్వీసు అడుగుతున్నారా అన్నది కూడా స్పష్టంగా రాయండి.

కాగితాల సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. గుర్తింపు పత్రం, స్థలం మీదేనని చూపే పత్రం, అద్దె ఇల్లయితే యజమాని అంగీకార పత్రం, పాత సర్వీసు నంబరు ఉన్న బిల్లు, మిషన్ల జాబితా. పాత బిల్లు బాకీలు తీర్చేసి ఉండాలి. నా అప్లికేషన్ వెనక్కొచ్చింది మాత్రం మహా చిన్న విషయానికి: స్థలం కాగితంలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, గుర్తింపు కార్డులో పొడి అక్షరమే ఉంది. వారం రోజులు పోయాయి. ఇచ్చేముందు పేర్లు అక్షరం అక్షరం పోల్చుకోండి, ఇచ్చాక రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా అక్కణ్నుంచి కదలొద్దు.

తర్వాత వాళ్ల మనిషి వచ్చి స్థలం చూసి ఎస్టిమేటు వేస్తాడు. అది వచ్చాక డబ్బు కట్టేముందు కేబుల్ పొడవు, లోడ్ అంకె సరిచూసుకోండి, కట్టాక మార్పించడం తలనొప్పి. ఈలోపు లోపలి వైరింగ్ లైసెన్సున్న కాంట్రాక్టరుతోనే చేయించండి, ఎందుకంటే టెస్ట్ రిపోర్టు మీద అతని సంతకం లేనిదే మీటరు రాదు. మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) 500 వోల్టుల దగ్గర ఇన్సులేషన్ కనీసం 1 మెగోమ్ చూపించాలి. ఎర్తింగ్ గట్టిగా ఉండాలి. ప్రతి మోటారుకీ కరెంటు ఎక్కువ లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే, ఒక ఫేజు పోతే ఆపేసే ప్రివెంటర్ ఉంటే వైండింగ్ కాలిపోకుండా బతుకుతుంది. అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది న్యూట్రల్: దానికి ఫ్యూజు పెట్టకూడదు, దాని కనెక్షన్ వదులుగా ఉండకూడదు. ఇల్లూ షెడ్డూ ఒకే త్రీ ఫేజ్ మీద ఉన్నప్పుడు న్యూట్రల్ ఊడితే 230 వోల్టుల టీవీ, ఫ్రిజ్‌ల మీదికి ఏకంగా 400 దాకా ఎక్కొచ్చు. ఇంట్లో లైట్లు, సాకెట్లు మూడు ఫేజులకీ సమానంగా పంచమని అప్పుడే చెప్పండి.

మీటరు బిగించిన రోజు ఉత్సాహంగా లేత్‌కి చక్ (పని ముక్కని పట్టి తిప్పే భాగం) పెట్టి స్విచ్ వేయకండి. త్రీ ఫేజ్‌లో ఫేజుల వరస మారితే మోటారు వెనక్కి తిరుగుతుంది, మరచుట్టుతో బిగించే చక్ ఉన్న పాత లేతులో అది వెనక్కి తిరిగితే చక్ విప్పుకుని మీదికి ఎగరొచ్చు. చక్ తీసేసి, క్షణం సేపు ఆన్ చేసి దిశ చూడండి. మిషన్లన్నీ తప్పుగా తిరిగితే మెయిన్ ఆపేసి, మీ బోర్డులో ఏవైనా రెండు ఫేజులు మార్చితే చాలు, ఒక్కటే అలా తప్పుగా తిరిగితే దాని స్టార్టర్ దగ్గర మార్చాలి. మీటరు సీలు జోలికి మాత్రం వెళ్లొద్దు. మళ్లీ ఎప్పుడైనా స్తంభం మీద లైను పని జరిగిందని తెలిస్తే, ఆ రోజు కూడా చక్ తీసి ఇదే చూసుకోండి.