మొదటి ముద్దలో నెయ్యి: ఆకలిని అదుపులో పెట్టుకునే పద్ధతి

నెయ్యి వేసుకుంటే కడుపు త్వరగా నిండుతుందని పెద్దలు చెప్పే మాటలో నిజముంది. అయితే ఎంత వేసుకున్నాం, భోజనంలో ఎప్పుడు వేసుకున్నాం, ఎంత నిదానంగా తిన్నాం అనే మూడింటిని బట్టే అది నిజమవుతుంది.

కొవ్వు జీర్ణాశయం దాటి చిన్నపేగు మొదటి భాగానికి చేరి, అక్కడ పైత్యరసంతో కలిసి, క్లోమం పంపే లైపేజ్ ఎంజైము వల్ల కొవ్వు ఆమ్లాలుగా విడిపోయిన తరువాతే పేగు గోడలోని కణాలు కోలిసిస్టోకైనిన్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేస్తుందని 1928లో గుర్తించిన ఈ హార్మోను, ఎలుకల తిండిని కూడా తగ్గిస్తుందని 1973లో తేలింది. ఇది జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గించి, వేగస్ నాడి ద్వారా మెదడుకు కడుపు నిండిందని కబురు పంపుతుంది. లైపేజ్‌ను అడ్డుకునే ఆర్లిస్టాట్ మందు వాడితే ఈ హార్మోను విడుదల తగ్గుతుంది కాబట్టి, సంకేతానికి మూలం నూనె రుచి కాదు, దాని జీర్ణక్రియే.

కనుక వేడి అన్నంలో ముద్దపప్పు వేసుకుని, మధ్యలో గుంట చేసి, ఒక చెంచా నెయ్యి పోసి, అది కరిగి అంచులకు పాకిన తరువాత కలిపి, దానితోనే భోజనం మొదలుపెట్టండి. ఇక్కడ చెంచా అంటే టీ చెంచానే, గరిటె కాదు. అందులో పట్టే 5 గ్రాముల నెయ్యి దాదాపు 45 కిలోకేలరీలు ఇస్తుంది. పప్పును వదిలి నెయ్యినే నమ్ముకోవద్దు, ఎందుకంటే ఆకలి పుట్టించే గ్రెలిన్‌ను తగ్గించడంలో కొవ్వు మాంసకృత్తులంత సమర్థమైనది కాదు. ఆ తరువాత కూర, చారు నిదానంగా తిని, మారు వడ్డించుకునే ముందు పదిహేను నిమిషాలు ఆగండి. మిరపకాయ బజ్జీల దగ్గర మనం ఓడిపోయేది సరిగ్గా ఇక్కడే: పేగు కబురు పంపేలోపే పళ్ళెం ఖాళీ అయిపోతుంది.

జీర్ణం కాని కొవ్వు చిన్నపేగు చివరికి చేరితే జీఎల్‌పీ-1, పెప్టైడ్ వైవై అనే హార్మోన్లు విడుదలై పైనుంచి వచ్చే ఆహారాన్ని మరింత నెమ్మదింపజేస్తాయి. బాగా నూనె పోసిన బిర్యానీ తిన్న రాత్రి కడుపు బరువుగా ఉండటానికి ఇలా నెమ్మదించడం చాలావరకు కారణం. అలాంటి భోజనాన్ని నిద్రకు రెండు మూడు గంటల ముందే ముగించండి.

పిత్తాశయంలో రాళ్ళున్నవారికి కొవ్వు భోజనం తరువాత నొప్పి రావచ్చు, మధుమేహానికి, బరువు తగ్గడానికి ఇచ్చే సెమాగ్లుటైడ్ వంటి మందులు వాడేవారికి వికారం పెరగవచ్చు. వారు నెయ్యి విషయంలో వైద్యుని సలహానే పాటించాలి.